మంచుతో రుద్దిన వేలు

విల్యూయ్ నది ఒడ్డున మా ఊరి ఆరోగ్య కేంద్రంలో
కిటికీ బయటి థర్మామీటర్
సున్నాకి కింద యాభై రెండు దగ్గర ఆగింది.
చేతులు కాలాక పట్టుకోవడానికి
ఆకులు కూడా దొరకని నెల.

తలుపు తోసుకుని పొగమంచూ మాత్రియోనా
ఒకేసారి లోపలికొచ్చారు.
వెనక మనవడు మిచీల్, తొమ్మిదేళ్లవాడు.
గుర్రాల మంద వెంట పోయి
ఒక చేతి తొడుగు ఎక్కడో పారేసుకున్నాడు.
నాలుగు వేళ్లు మైనపు వత్తుల్లా తెల్లగా,
బల్లకు తగిలితే కొయ్య చప్పుడు.

మాత్రియోన దోసిట్లో మంచు.
దారి పొడుగునా రుద్దుకుంటూనే వచ్చింది,
ఇంకా రుద్దుతోంది.
"ఆపు" అన్నాను. వినలేదు.
"ఆపు పెద్దమ్మా!"
దొంగ సొత్తు లాక్కున్నట్టు
ఆమె చేతుల్లోంచి మంచు లాక్కున్నాను.

"చలిని చలే లాగుతుంది" అంది.
"మా అమ్మ చెప్పింది. వాళ్లమ్మ చెప్పింది."

తెలుసు.
మా తాత ప్రొకోపి కూడా అదే చెప్పాడు.

నాకప్పుడు ఏడేళ్లు.
గడ్డకట్టిన నది మీద వలల దగ్గర వేలు పోగొట్టుకున్నాను,
కాదు, అప్పటికింకా పోలేదు.
పోయింది తర్వాత,
ఇంట్లో, అందరూ ఉండగా.
తాత ముందు మంచుతో రుద్దాడు, తోలు లేచిపోయేదాకా.
తర్వాత వోడ్కా పోశాడు, నా వేలి మీద సగం,
తన గొంతులో సగం.
తర్వాత పొయ్యి పక్కకు తీసుకెళ్లి
ఎర్రటి ఇనుము దగ్గర పట్టుకున్నాడు.
నాకేమీ తెలియలేదు.
వాసన మాత్రం వచ్చింది.

రుద్దుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు తాత.
అది ఎవరికీ చెప్పను.
ఇవాళ మాత్రియోనకు చెప్పాను,
ఉంగరపు వేలి మొండిని ఆమె ముందు పెట్టి.

ఆమె చూసింది. ఏమీ అనలేదు.

అప్పటికే గిన్నెలో నీళ్లు,
పొదుగు దగ్గరి పాలంత వెచ్చన, అంతకు మించి కాదు.
మోచేత్తో చూశాను, థర్మామీటర్‌తో చూశాను,
మళ్లీ మోచేత్తో.
చల్లారితే పోస్తూ, కలుపుతూ,
పిల్లాడి వేళ్లకు గిన్నె అంచు తగలనివ్వకుండా
అరగంట.

ముందు వాడు కిటికీ లెక్కపెట్టుకుంటూ కూచున్నాడు.
తర్వాత పెదవి కొరికాడు.
తర్వాత కేంద్రం కప్పు లేచిపోయేలా అరిచాడు.
మాత్రియోన నన్ను కొట్టడానికే లేచింది.
"అరవనీ" అన్నాను, "వేళ్లు తిరిగొస్తున్నాయి,
దారిలో ముళ్లుంటాయి."

ఈ ఊళ్లో నన్ను తిట్టనివాళ్లు తక్కువ.
అఫనాసి కాలిన చెయ్యి చాపితే
మోచేతిదాకా పుదీనా వాసన, టూత్‌పేస్ట్,
కడగడానికే పొద్దు గడిచింది,
తగ్గించబోయిన మంటకు నేనే కారణమన్నాడు.
ఫిట్స్‌ వచ్చిన బడి కాపలాదారు నోట్లో
ఎవరో చెంచా దూర్చారు.
ఆయన లేచాక మొదట అడిగింది
విరిగిన పన్ను గురించి.
ఎవరూ చెడు చెయ్యాలనుకోలేదు.
ఖాళీ చేతులతో నిలబడ్డం చేతకాలేదంతే.

పొక్కులు ఊరుతుంటే మాత్రియోన
పైట పిన్నుకోసమో ఏమో గుండెల మీద వెతికింది.
"గుచ్చకు."
"అయితే నేనేం చెయ్యను?" అంది.
గొంతు చిన్నదైపోయింది.
"ఈ చేతులు పెట్టుకుని నేనేం చెయ్యను?"

నేను వేళ్ల మధ్య దూది ముక్కలు పెడుతున్నాను.
తల ఎత్తకుండానే చెప్పాను,
"వాడి రెండో చెయ్యి బాగానే ఉంది, పట్టుకో.
వాడికి ఏదైనా కథ చెప్పు. అబద్ధమైనా సరే."

చెప్పింది.
కొమ్ములున్న ఒక గుర్రం గురించి, తలా తోకా లేకుండా.
బయట జిల్లా ఆసుపత్రి బండి
ఇంజను ఆపకుండా నిలబడింది.
చూపుడు వేలు గులాబీ రంగుకు తిరిగింది, దాని పక్కదీ.
చిటికెన వేలి సంగతి వారాలు గడిస్తే గాని చెప్పలేం.
దారిలో మళ్లీ చలి తగలకూడదని
చుట్టిన కట్టు మీద నా శాలువా చుట్టాను.

తాత బతికున్నన్నాళ్లూ ప్రతి శీతాకాలం ముందూ
కుందేలు తోలుతో నాకు తొడుగులు కుట్టేవాడు,
ఒక వేలు పొట్టిగా.
కొలత ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు మంద దగ్గర మిచీల్ తొడుగు దొరికిందని
ఎవరో తెచ్చి బల్ల మీద పెట్టారు.
గిట్టలు తొక్కి, గడ్డకట్టి, బిగుసుకుపోయి,
అయిదు వేళ్లూ చాపుకుని ఉంది.
పొయ్యికి దూరంగా ఆరేశాను.